బొగ్గుగనుల సీమలో వేటపక్షులు



వేసవి దినములలో పగలు పది గంటలు దాటిన పిమ్మట గోదావరిఖని పట్టణమున ఏ మేడపైనుండి చూచినను, ఓపెన్‌కాస్టు గనులనుండి తవ్వి పోసిన మట్టిగుట్టల మీద, మన కార్మికులు ఓబీ డంపులని పిలిచెడి ఆ కృత్రిమ పర్వతముల మీద, రెక్క కదల్పక వలయములు తిరుగుచు క్రమక్రమముగా పైకెక్కిపోవు పక్షుల గుంపొకటి కనబడకపోదు. వానిని గద్దలని ఒక్క మాటతో చెప్పి మనము ఊరకుందుము. కాని ఆ ఒక్క మాట క్రింద మనము చేర్చివేయు పక్షులలో ఎన్నియో జాతులు కలవు. ఒక్కొక్క జాతికి ఒక్కొక్క వేట, ఆ వేటకు తగిన యొక్కొక్క శరీరము. రెక్క పొడవును, తోక యాకృతిని, కాలి గోటిని, కంటి స్థానమును చక్కగా చూడనేర్చినవానికి ఆ పక్షి ఏమి తినునో, దానిని ఎట్లు పట్టునో ఇతరులు చెప్పనక్కరలేదు. ఈ బొగ్గుసీమలో నివసించు మనకు నిత్యము కంటబడు కొన్ని వేటపక్షులను గూర్చి, వాని రూపమునకును వేటకును గల యీ విడదీయరాని సంబంధమును గూర్చి, ఈ కొద్ది నిమిషములలో మీకు విన్నవింపదలచితిని.

మొదట వీనికన్నిటికి సామాన్యములైన లక్షణములు కొన్ని చెప్పవలసియున్నది. ముక్కు బలిష్ఠమై, క్రిందికి వంగి, మొన తేలియుండును. అది ప్రధానముగా మాంసమును చీల్చుటకు పుట్టిన సాధనము. పట్టుట, పెక్కు జాతులలో చంపుట కూడ, కాలి పని. ముందు మూడు వ్రేళ్లు, వెనుక నొకటి. ఆ వెనుకటి వ్రేలి గోరు డేగజాతులలో మిక్కిలి పొడవైనది, ప్రాణాంతకమైనది. కాలు ముడుచుకొన్నపుడు లోపలి నరములు బిగిసి వ్రేళ్లు తమంత మూసికొనును. ఆ నరములకును, వాని తొడుగులకును గల గరుకుదనము ఒకదానినొకటి పట్టి నిలుపుటచేత, కండరములకు శ్రమ లేకయే పట్టు సడలక యుండును. ఇక కన్ను. మన కంటి వెనుకటి పొరపై అతిసూక్ష్మముగ చూడగల చోటు ఒక్కటియే యుండగా, డేగలకును సాళువములకును ప్రతి కంటియందును అట్టివి రెండేసి కలవు; ఒకటి ప్రక్కకు చూచునది, మరియొకటి ముందుకు చూచునది. పెద్దజాతి గద్దల చూపు మన చూపుకంటె రెండింతలకు పైగా వాడియైనదని శాస్త్రజ్ఞులు పరీక్షించి తేల్చిరి. కనుబొమలచోట ముందుకు పొడుచుకొనివచ్చిన యెముక కంటికి నీడపట్టును. ఆ పక్షుల ముఖమున మనకు తోచెడి క్రోధము వాస్తవమున క్రోధము కాదు, ఎండనుండి చూపును కాపాడు చూరు మాత్రమే. మరియొక విశేషమేమనగా, వీనిలో ఆడుది మగదానికంటె పెద్దది. వేగముగా ఎగిరెడి పక్షులనే వేటాడు జాతులలో ఈ వ్యత్యాసము హెచ్చు. కళేబరములు తిని బ్రతుకు రాబందులలో దాదాపు లేదనియే చెప్పవచ్చును.

మన పట్టణములలో మిక్కిలి పరిచితమైనది నల్లగద్ద. పేరునకు నల్లనిదే గాని దాని మేను ముదురు గోధుమవన్నె. తోక చివర చీలియుండుట దీని గుర్తు. ఎగురునపుడు ఆ తోకను అటునిటు మెలిత్రిప్పుచు, పడవవాడు చుక్కాని త్రిప్పినట్లు, రెక్క ఆడింపకయే గమనమును దిద్దుకొనుచుండును. ఇంతకు ముందు చెప్పిన వలయముల రహస్యమును ఇచట విప్పవలెను. రామగుండపు ఎండ తెలుగునాట ప్రసిద్ధమైనది. మే మాసమున పలుమారులు 45 డిగ్రీలు దాటును. చెట్టుచేమ లేని మట్టిగుట్టలును, నల్లని బొగ్గు నిల్వలును చుట్టుపట్ల పచ్చని పొలములకంటె త్వరగా కాగును. వానినంటిన గాలి వేడెక్కి, తేలికయై, స్తంభాకారమున పైకి లేచును. ఆ స్తంభము వెడల్పు కొద్దియే. దానినుండి వెలుపలికి జారిపోకుండుటకై పక్షి వలయముగా తిరుగక తప్పదు. అట్లు తిరుగుచు, తన బలమును వినియోగింపక, గాలి బలముచేతనే వందల మీటర్ల యెత్తునకు చేరి, అచటినుండి రెక్కలు చాచి జారుచు మైళ్ల దూరము పోయి, మరియొక వేడిగాలి స్తంభమును అందుకొనును. ఉదయము పొద్దెక్కువరకు ఈ గద్దలు విద్యుత్ స్తంభములపైనను, నీళ్ల ట్యాంకులపైనను కదలక కూర్చుండుటకు కారణము సోమరితనము కాదు. నేల కాగువరకు వానికి వాహనము లేదు.

నల్లగద్ద గోళ్లు డేగ గోళ్లంత బలమైనవి కావు, పాదము చిన్నది. కనుక అది బలమైన జంతువుల జోలికి పోదు. ఆదివారమునాడు చికెన్ సెంటర్ల వెనుక పారవేయు పేగులు, చచ్చిన ఎలుకలు, తల్లి చాటునుండి తప్పిన కోడిపిల్లలు, గూటిలోని పసిపిట్టలు దాని యాహారము. క్రిందికి దూకి, నేలపై వాలకయే కాలితో తన్నుకొనిపోయి, ఎగురుచునే కాలిని ముక్కుకడకు తెచ్చుకొని తినును. సందుగొందులలో తీగలకును, చెట్లకొమ్మలకును, మనుష్యుల తలలకును తగులకుండ అది చేయు మలుపులను నిలిచి చూచినవానికి ఆ చీలిన తోక యెందులకో బోధపడును. కాకులు గుంపుగూడి తరిమినపుడు సైతము అది పోరాడదు, తప్పించుకొనును.

దాని వేటలో మిక్కిలి రమణీయమైనది తొలకరి వేట. మొదటి వానలు కురిసిన సాయంకాలము పుట్టలనుండి ఉసిళ్లు లేచునపుడు, పదులకొలది గద్దలు వచ్చి, ఆ రెక్కల పురుగులను ఒక్కొక్కదానినే కాలితో గాలిలో పట్టి, తల వంచి నోట వేసికొనుచుండును. అంతటి పక్షికి అంత చిన్న గ్రాసమా యని తోచును. కాని ఉసిళ్లలో కొవ్వు సమృద్ధిగ నుండును, పట్టుటకు శ్రమ స్వల్పము. అట్లే సుల్తానాబాదు, మంథని ప్రాంతములలో కోతల పిమ్మట వరికొయ్యలకు నిప్పు పెట్టినచోట పొగ యంచున గద్దలు తిరుగాడుట రైతులెరిగినదే. మంటకు బెదరి వెలుపలికి వచ్చు మిడుతలను, ఎలుకలను పట్టుటకై అవి వచ్చును. మనుష్యుడు నేలపై చేయు ప్రతి పనియందును తనకొక ముద్ద దొరుకునేమో యని కనిపెట్టి చూచు తెలివి యీ పక్షికి కలదు. అందుచేతనే అడవులు తరిగినను, పల్లెలు లేచిపోయి గనులు వెలసినను, నల్లగద్ద మాత్రము తరుగలేదు.

పట్టణము దాటి గోదావరి యొడ్డునకు పోయినచో దాని సోదరజాతి కనబడును. అది గరుడపక్షి. తలయు రొమ్మును తెల్లనివి, తక్కిన మేనంతయు ఇటుకవన్నె. తోక చివర చీలక గుండ్రముగ నుండును. దీని పిల్లలు మాత్రము గోధుమవన్నెతో నల్లగద్దను పోలియుండును గనుక తోకను చూచియే పోల్చవలెను. పెద్దలు దీనిని చూచి చేతులు జోడింతురు. వేట విషయమున ఇది నెమ్మదస్తు: నీటిపై తేలు చచ్చిన చేపను, ఒడ్డున ప్రాకు ఎండ్రకాయను, కప్పను పైపైన ఎగురుచు ఎత్తికొనిపోవునే గాని నీట మునుగదు. నీట మునిగి చేపను పట్టునది వేరొకటి కలదు. అది శీతకాలమున మన తెలంగాణ జలాశయములకు వలసవచ్చెడి ఆస్ప్రే. దాని రూపము కేవలము చేపకొరకే నిర్మింపబడినట్లుండును. పాదముల అడుగున సన్నని ముండ్లు, చేప జారిపోకుండ. వెలుపలి వ్రేలు ముందుకును వెనుకకును త్రిప్పుకొనదగినది, చేపను ఇరువైపుల రెండేసి వ్రేళ్లతో బిగింపవచ్చును. మునుగునపుడు మూసికొనదగిన నాసికారంధ్రములు. కాళ్లు ముందుంచి దూకి, చేపను పట్టి లేచి, రెక్కల నీరు విదిలించి, గాలికి అడ్డు కాకుండ చేప తలను ముందుకు త్రిప్పి మోసికొనిపోవును. చలికాలమున ఎల్లంపల్లి జలాశయముకడకు పోవువారు నీటి నడుమ నిలిచిన మోడులను ఒకమారు పరికింతురుగాక.

ఇక డేగ. ఇది గద్దకు సర్వవిధముల విరుద్ధమైన జీవి. మన కాలనీలలో, 8వ ఇంక్లైన్ కాలనీ మొదలుకొని ప్రతి క్వార్టర్ల వరుసయందును, వేపచెట్టును ఉడుతయును ఉన్నచోట జాలెడేగ యుండును. అయినను చూచినవారు అరుదు, ఏలయన అది ఆకాశమున తన్ను ప్రదర్శించుకొనదు. పావురమంత పక్షి. వీపు బూడిదవన్నె, రొమ్మున ఎర్రని సన్నపు అడ్డగీతలు, గొంతు నడుమ నొక నల్లని నిలువుగీత. మగదాని కన్ను నెత్తురువలె ఎర్రన, ఆడుదానిది పసుపుపచ్చన. రెక్కలు పొట్టివి, గుండ్రనివి, తోక పొడవైనది. సువిశాలమైన ఆకాశమున ఇట్టి రెక్క పెద్దగా ఉపకరింపదు గాని, కొమ్మల నడుమ, గోడల సందున, క్షణములో వేగమందుకొని క్షణములో మలగుటకు ఇంతకంటె తగినది లేదు.

ఒక మధ్యాహ్నము ఒక పెరటిలో దాని వేటను మిక్కిలి సమీపమునుండి చూచు భాగ్యము నాకు కలిగినది. గోరువంకలు ఒక్కసారిగ కరకరమని అరచి మౌనము వహించినవి. ఉడుత తోక నేలవైపు వ్రేలవేసి మ్రానికి అంటుకొనిపోయినది. ప్రహరీగోడమీద ఎండ కాగుచున్న తొండ మాత్రము తల ఆడించుచునే యుండెను. వేపకొమ్మనుండి డేగ దిగివచ్చినది. రెక్కలు రెండు మూడు మారులు మాత్రమే ఆడినవి, ఆపై గోడవారగా నేలకు మూరెడెత్తున జారి, గోడ చివర పైకి లేచి, తొండను మెడకడ పట్టి, ఆగకయే ఎదుటి చింతచెట్టులోనికి పోయినది. అచట రెక్కలు దించి వేటను కప్పుకొని నిలిచి, చుట్టును చూచి, తరువాతనే తినుటకు ఆరంభించెను. మొదట తల తెంపెను. తొండ కాళ్లు మరికొంతసేపు కొట్టుకొనుచునే యుండెను. ముక్కుతో పొడుచుట గాని, పోరాటము గాని లేదు. వ్రేళ్లను బిగించుచు సడలించుచు పిసుకుటయే అది చంపు విధానము. ఇంటివారి పిల్లలు జాలిపడిరి. డేగ గూటిలోను పిల్లలు కలవని, వానికి దినమునకు పలుమారులు ఇట్టి వేట కావలెనని వారికి చెప్పితిని.

ఈ డేగ భయము ఎంతటిదనగా, దాని రూపమును ధరించి బ్రతుకు పక్షి ఒకటి గలదు. వేసవి రాత్రులలో స్వరము పెంచి పెంచి విసుగులేక అరచెడి కోకిలజాతి పక్షి, అదియే డేగకోకిల, రంగున, గీతలలో, ఎగురు తీరున సైతము జాలెడేగను పోలియుండును. దానిని చూచి బెదరి చిన్నపిట్టలు గూళ్లు విడిచినపుడు అందు తన గ్రుడ్డు పెట్టును.

రామగుండమునుండి నలుదిక్కులకు విద్యుత్తును మోయు తీగలపై, ప్రత్తిచేల నడుమ, ఉదయసంధ్యలందును సాయంసంధ్యలందును ఒక తెల్లని పక్షి కూర్చుండి తోకను పైకి క్రిందికి ఆడించుచుండును. కాకికంటె చిన్నది, భుజములపై నల్లని మచ్చ, ఎర్రని కన్నులు. దీని తెలుగుపేరు అడవి రామదాసు. మదరాసు సైన్యమున వైద్యుడై, నెల్లూరు ప్రాంతమున కొంతకాలము పనిచేసిన జెర్డన్ దొర 1862 మొదలు ప్రకటించిన తన పక్షిగ్రంథమున మనవారు వాడు పేర్లను ఇట్లే పదిలపరచెను. ఆ పేరు మన నోట నిలువలేదు గాని పక్షి మన తీగలపై నిలిచియున్నది. ఇది ఎలుకల శత్రువు. గాలిలో ఒక్కచోటనే రెక్కలాడించుచు నిలిచి, నేలను పరికించి, ఎలుక కదలిక తెలిసినంతనే కొంత దిగి, మరల నిలిచి, తుదకు రెక్కలు పైకెత్తి కాళ్లు చాచి సూటిగ దిగును. రైతునకు ఇంతటి మేలు కూలి లేక చేయు జీవి మరియొకటి పగటివేళ కానరాదు.

సాళువముల మాట సంగ్రహముగ చెప్పెదను. వానిది పొడవై మొన తేలిన రెక్క. తెరపి ఆకాశమే వాని వేటభూమి. వానిలో మేటియైనది పావురమువంటి పక్షికంటె ఎంతో పైకెక్కి, రెక్కలు ముడిచి, గంటకు 300 కిలోమీటర్లకు మించిన వేగముతో దూకును. ఆ వేగమునకు ఎదురుగాలి ఊపిరి ఆడనీయదు గనుక నాసికారంధ్రములలో చిన్న యెముక బొడిపె యుండి గాలి వేగమును తగ్గించునని పక్షిశాస్త్రజ్ఞులలో పెక్కుర యభిప్రాయము. డేగ కాలితో పిసికి చంపగా, సాళువము ముక్కు అంచుననుండు పంటివంటి మొనతో మెడయెముకను కొరికి చంపును. ఈ పక్షులను మచ్చిక చేసి వేటకు వదలుట మన రాజులకు వినోదము. ఈ సీమపై గూడ ఆధిపత్యము నెరపిన కల్యాణి చాళుక్యులలో మూడవ సోమేశ్వరుడు, క్రీ. శ. 1129 ప్రాంతమున రచించిన మానసోల్లాసమున శ్యేనవినోదమునకు ప్రత్యేకముగ చోటిచ్చెను.

రాత్రి షిఫ్టునకు పోవు కార్మికునకు ఎదురగు వేటపక్షి గుడ్లగూబ. వంశమున ఇవి డేగలకు దూరమే యైనను వృత్తిచేత వేటపక్షులే. క్వార్టర్ల చెట్లతొఱ్ఱలలో చిన్న పైడికంటెలును, పాడువడిన కట్టడములలో హృదయాకారపు తెల్లని ముఖముగల చావడి గూబలును, పాత క్వారీల రాతిగోడలలో చెవులకడ ఈకల కొమ్ములుగల పెద్దగూబలును కాపురముండును. వీనిలో చావడి గూబ ముఖము చుట్టునున్న ఈకల వలయము ధ్వనిని చెవులకు చేర్చును. ఆ చెవులలో ఒకటి కొంచెము పైన, ఒకటి కొంచెము క్రింద నుండును గనుక, శబ్దము రెంటికి చేరుటలోని అత్యల్ప భేదముచేత, చిమ్మచీకటిలో సైతము ఎలుక యున్న తావును కచ్చితముగ తెలిసికొనును. రెక్క ఈకల అంచున దువ్వెన పండ్లవంటి నూగు ఉండుటచేత ఎగురు చప్పుడు వినబడదు. ఎలుకను ముక్కలు చేయక మ్రింగి, అరుగని యెముకలను, వెండ్రుకలను ముద్దచేసి కక్కివేయును. గూబ వాలు చెట్టుక్రింద బూడిదవన్నె ముద్దలు పడియుండును. ఒకదానిని నీట నానవైచి పిన్నుతో మెల్లగ విప్పినచో, వెండ్రుకల పొరలనుండి చిటికెన గోరంత దవడ, దానినంటి నారింజవన్నె కొరికెడి పండ్లు, సన్నని పక్కటెముకలు వరుసగ బయటపడును. ఒక్కొక్క ముద్దలో రెండు మూడు ఎలుకల పుఱ్ఱెలుండుట సామాన్యము. ఇంటిపై గూబ వ్రాలినచో కీడని నమ్మి దానిని రాళ్లతో కొట్టి చంపువారు ఇప్పటికిని ఉన్నారు. ఆ నమ్మకము నన్ను మిక్కిలి బాధించును. ధాన్యము తిను ఎలుకను చంపి, ధాన్యమును ముట్టని ప్రాణికి ఇది కూలి కాదగునా?

తుదకు రాబందు. వేటాడకయే మాంసము తిను పక్షి గనుక దీని రూపము వేరు. కాలి గోళ్లు మొద్దుబారి నడచుటకే పనికివచ్చును, పట్టునకు కాదు. తలయు మెడయు దాదాపు బోడివి. కళేబరములో తల దూర్చు జీవికి ఈకలు శుభ్రపరచుకొనుట కష్టము గదా. జఠరమందలి ఆమ్లము ఎంత తీక్ష్ణమనగా కుళ్లిన మాంసమునందలి పెక్కు రోగక్రిములు అందు నశించును. రెండు మీటర్లకు మించి చాచిన రెక్కలతో ఎత్తున తిరుగుచు, నేలను మాత్రమే గాక తోటి రాబందులను గూడ కనిపెట్టి చూచును. ఒకటి దిగిన దానిని చూచి రెండవది, దానిని చూచి మూడవది, ఇట్లు దూరదూరమునుండి చేరును. గోదావరి తీరమున భద్రాచలముకడ ఏటపాకలో, రామాయణమందలి రాబందగు జటాయువు నేలగూలెనని స్థలపురాణము.

1990 తరువాత రాబందులు దేశమంతట నూటికి తొంబదికి పైగా నశించినవి. కారణము వేటగాడు కాడు. పశువులకు నొప్పి తగ్గించుటకై ఇచ్చెడి డైక్లోఫెనాక్ అను మందు. ఆ మందు పుచ్చుకొని చచ్చిన పశువును తిన్న రాబందునకు మూత్రపిండములు చెడి, కొలది దినములలో మరణించునని 2004లో శాస్త్రజ్ఞులు నిరూపించిరి. 2006లో మన ప్రభుత్వము పశువైద్యమున దానిని నిషేధించెను. అట్టివే యైన కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్ మందులను 2023లో నిషేధించెను. రాబందులు ఇట్లు క్షీణించిన కాలముననే, మనకు ఉత్తరముగ, పెద్దవాగు ప్రాణహితలో కలియుచోట, పెంచికలపేట అడవులలోని పాలరాపు గుట్ట రాతిచరియలపై, పొడుగుముక్కు రాబందులు గూళ్లు కట్టి పిల్లలను పెంచుచున్నవని 2013లో వెల్లడియైనది. జంటకు ఏడాదికి ఒక్కటే గ్రుడ్డు. పిల్ల గూడు విడుచుటకు నెలలు పట్టును.

పాలరాపు గుట్ట మనకు దూరమని తలపవలదు. ఆహారమునకై ఒక్క దినమున నూరు కిలోమీటర్లు పోవుట రాబందునకు కష్టము కాదు. మంథని పల్లెలో చచ్చిన ఎద్దు ఆ గుట్టమీది పిల్లకు గ్రాసము కావచ్చును. కనుక పశువులుగల శ్రోతలను నేను వేడునది ఒక్కటియే: ఎద్దునకో, గేదెకో జ్వరము తగిలి పశువైద్యశాలకు పోయినపుడు, రాబందులకు హాని చేయని మెలాక్సికాం సూదిని ఇమ్మని అడిగి పుచ్చుకొనుడు.